పది సార్లు స్కేలు పట్టి చూసినంక తెలిసింది



పోయినేడు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల హాస్టళ్ల నుంచి మేం కొంతమందిమి ఒక సెలక్షన్స్‌కు పోయినం. విజిల్ ఊదినంక మేం కదిలే వరకే పక్కోళ్లు రెండడుగులు ముందున్నరు. అక్కడున్న ఒక సారు "అడవి బిడ్డలు గదా, ఉరుకుడు మీ రక్తంలనే ఉంటదనుకున్న" అన్నడు. అందరూ నవ్విన్రు, మాకు నవ్వు రాలే. గెలిస్తే రక్తం గొప్ప, ఓడితే మనిషే మొద్దు. మరి ప్రాక్టీస్ సంగతి ఎవరడగాలె?

ఆ కోపంతోనే ఈ కదిలే వేగాన్ని మొదట్ల ఎట్ల కొలిచిన్రో చదివినం.

1925లో అమెరికాలోని ఇల్లినాయ్ యూనివర్సిటీలో కోల్మన్ గ్రిఫిత్ అనే సైకాలజిస్టు ఆటగాళ్ల కోసమే ఒక ల్యాబ్ నడిపిండు. కాలేజీ ప్లేయర్లు చప్పుడు వింటే ఎంతసేపట్ల కదులుతరు, వెలుగు చూస్తే ఎంతసేపట్ల కదులుతరు అని విడివిడిగా కొలిచిండు. 1932లో ఆ ల్యాబ్ మూతపడ్డది. ఆ రోజుల్లనే స్టాన్‌ఫర్డ్‌లో వాల్టర్ మైల్స్ అమెరికన్ ఫుట్‌బాల్ ప్లేయర్లను పరీక్షించిండు. సిగ్నల్ రాంగనే వరుసల ఉన్నోళ్లు ముందుకు దూకాలె. ఒక్కొక్కరు కదలంగనే ఒక్కో గోల్ఫ్ బంతి జారి, తిరుగుతున్న డ్రమ్ము మీది కాగితం మీద పడి మచ్చ చేస్తది. ఆ మచ్చలను బట్టి ఎవరు ఎంత లేటో తెలుస్తది. ఎవరి కులం, ఎవరి రక్తం అన్న మాటే లేదు. ఎక్కడ ఆలస్యమైతుందో తెలిస్తే కోచ్ సరిచేస్తడు.

కొలత చెడ్డపనికి కూడా వాడిన్రు. 1904 ఆగస్టులో సెయింట్ లూయిస్ ఒలింపిక్స్ టైంల, ఎగ్జిబిషన్‌కు తెచ్చిన వేర్వేరు దేశాల ఆదివాసులను రెండు రోజులు పోటీలల్ల దింపిన్రు. చానామటుకు వాళ్లు ఎన్నడూ ఆడని ఆటలు, ప్రాక్టీస్ లేదు. ఆఖరికి వీళ్లు ఆటలకు పనికిరారని తేల్చిన్రు. అది చదివినప్పుడు మా సెలక్షన్సే యాదికొచ్చింది.

అందుకే మమ్మల్ని మేమే కొలుసుకున్నం. ఒకలు 30 సెంటీమీటర్ల స్కేలును నిలువుగా పట్టి చెప్పకుండ వదలాలె, ఇంకొకలు సున్నా దగ్గర వేళ్లు పెట్టి పట్టుకోవాలె. 20 సెంటీమీటర్ల కాడ దొరికితే సుమారు 0.20 సెకను, 15 కాడ అయితే 0.175. ఒకే మనిషికి పది సార్లల్ల పది లెక్కలొచ్చినయి. అంటే ఒక్క ట్రయల్ చూసి మనిషిని తేల్చుడు తప్పే.

తర్వాత రెండు స్కేళ్లు పెట్టినం. ఏది పడితే అదే పట్టాలె. ఇప్పుడు ఆలస్యం పెరిగింది, తప్పు చెయ్యి గూడ లేచింది. కబడ్డీల రైడర్ ఎడమకు ఊగి కుడికి తిరిగితే డిఫెండర్ మోసపోయేది గిట్లనే. వేగం ఒక్కటే కాదు, సరిగ్గ చూసి కదులుడు గూడ నేర్చుకోవాలె. పరుగుల 0.1 సెకను కన్న ముందే కదిలితే ఫౌల్ అంటరు గదా. విని కదిలినట్టు కాదు, ముందే ఊహించి దూకినట్టు లెక్క.

నెల రోజులు పొద్దున విజిల్ మీద స్టార్ట్‌లు కొట్టినం, నోట్‌బుక్‌ల రాసుకున్నం. అందరివీ ఒక్కతీరుగ తగ్గలే, కని చానామందివి తగ్గినయి. మీ హాస్టల్ల గూడ చేసి రాసి పెట్టుకోన్రి. రేపు ఎవరన్న రక్తం ముచ్చట తీస్తే ఆ నోట్‌బుక్ చూపిద్దాం.