చీటీలో పట్టని అధ్యాయం



దీపావళి దాటితే మన ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో ఇళ్లకు తాళాలు పడతాయని మీకు చెప్పనక్కరలేదు. తుంగభద్ర పక్కనే పారుతున్నా మన మెట్ట పొలాలకు వానే దిక్కు. వాన తప్పితే సుగ్గి. మొదట పత్తి తీయడానికి, సంక్రాంతి దాటినాక మిరపకాయ కోతకు గుంటూరు వైపు. కట్టడం పనికైతే బెంగళూరు. ఆ రోజుల్లో నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఒకటే. "అయ్యగారూ, పోవల్లనా, ఉండల్లనా? దేవుని చిత్తం ఏందో చూసి చెప్పండి."

ఈ ప్రశ్నకు ఒకసారి నేను చెప్పిన జవాబును మీ ఎదుట ఒప్పుకోవాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఆ కుటుంబాన్ని అడిగి, వాళ్లు సరేనన్న తరువాతే రాస్తున్నాను.

వేదాంత కళాశాలలో డిప్లొమా ముగించి సేవకు వచ్చిన కొత్త అది. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో అందరికీ వాగ్దానపు చీటీలు పంచాము. ఒక అన్నకు ఆదికాండము 12వ అధ్యాయం మొదటి వచనం వచ్చింది. సొంత దేశాన్ని, బంధువులను విడిచి బయలుదేరమని దేవుడు అబ్రాముతో చెప్పిన మాట. ఆ అన్న మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకోవాలా వద్దా అని అప్పటికే వారం రోజులుగా నలిగిపోతున్నాడు. ఇంట్లో ఎనిమిదో తరగతి చదివే పాప ఉంది. చీటీ నా చేతికిచ్చి నా ముఖంలోకి చూశాడు.

"ఇంకేం కావాలన్నా? దేవుడే పొమ్మంటున్నాడు" అన్నాను.

నేను మోకరించలేదు. పాపను ఎవరు చూసుకుంటారని అడగలేదు. అప్పు ఎంత, వడ్డీ ఎంత అని అడగలేదు. వెంటనే జవాబు చెబితే నన్ను గొప్ప దైవజనుడు అనుకుంటారన్న ఆశ నాలో ఉండింది. ఆ రోజు మాట్లాడింది ఆ ఆశే.

వారం తిరక్కుండానే వాళ్లింటికి తాళం పడింది. పాప కూడా మిరప చేనుకు పోయింది. ఉగాదికి తిరిగొచ్చింది గానీ మళ్లీ బడికి పోలేదు. పద్దెనిమిదేళ్లు నిండకముందే పెళ్లయింది. వాళ్లు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. దేవుడు పొమ్మన్నాడు, పోయినాము అనుకున్నారు. నాకు అదే ఎక్కువ బాధ. నా తప్పు దేవుని లెక్కలో పడింది.

చాలా రోజుల తరువాత ఆ అధ్యాయాన్ని నా కోసం నేను చదువుకున్నాను. చీటీలో పట్టింది ఒక్క వచనమే. అదే అధ్యాయం 10వ వచనంలో కరువు వచ్చింది. దేవుడు చూపించిన దేశంలోనే కరువు! అబ్రాము ఐగుప్తుకు వలస పోయాడు. అక్కడ తన ప్రాణానికి భయపడి, చెల్లెలినని చెప్పమని భార్య శారయిని అడిగాడు. ఆయన భయానికి ఆమె ఫరో ఇంట చిక్కుకుంది. దేవుడు అడ్డుపడి విడిపించాడు. ప్రియులారా, విశ్వాసులకు తండ్రి అనిపించుకున్న వాని వలసలో కూడా ఇంటి ఆడబిడ్డ ఆపదలో పడింది. ఆ అన్నను నేను అడగవలసిన మొదటి ప్రశ్న అక్కడే ఉంది: నీ వలసకు నీ ఇంట్లో ఎవరు నష్టపోతారు?

అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం కూడా నాకు బుద్ధి చెప్పింది. త్రోయలో రాత్రివేళ మాసిదోనియ మనిషిని దర్శనంలో చూసింది పౌలు ఒక్కడే. కానీ దేవుడు పిలుస్తున్నాడని నిశ్చయించుకున్నది మేము అని రాశాడు లూకా. అంతటి అపొస్తలుడు తన దర్శనాన్ని తోటివాళ్ల ముందు పెట్టాడు. నేనేమో ఒక చీటీ చూసి ఒక్కడినే తీర్పు చెప్పాను.

పోయిన ఏడు ఇంకో కుటుంబం అదే ప్రశ్నతో వచ్చింది. ఈసారి పొమ్మనలేదు, వద్దనలేదు. మూడు సాయంత్రాలు వాళ్లతో, సంఘ పెద్దలతో, ఇద్దరు ముగ్గురు అక్కలతో కలిసి కూర్చున్నాను. అధ్యాయం మొత్తం చదివాము. ప్రార్థించాము. అప్పు లెక్క కాగితం మీద వేశాము. చివరికి ఆ అన్న, పెద్ద కొడుకు పోయినారు. అక్క ఇద్దరు పిల్లలతో ఊర్లోనే ఉండి కూలికి పోయింది. ఆమె పొద్దున్నే పోయిన రోజుల్లో పిల్లలకు సంఘంలోని అక్కలు వంతులేసుకొని అన్నం పెట్టి బడికి పంపారు.

అంతా సుఖంగా జరిగిందని చెప్పను. ఆ అన్నకు జ్వరం పట్టి నెల ముందే తిరిగొచ్చాడు. అప్పు ఇంకా కొంత మిగిలి ఉంది. దేవుడు పంపిన ఫిలిప్పీలోనే పౌలుకు, సీలకు దెబ్బలు, చెరసాల ఎదురయ్యాయి కదా. కానీ ఆ పిల్లలు బడి మానలేదు. ఆ ఇంటివాళ్లు ఒంటరిగా ఏడ్వలేదు.

వాగ్దానపు చీటీలు ఇప్పటికీ పంచుతున్నాము. దేవుని మాట ఎంత చిన్న కాగితం మీద వచ్చినా మేలే. అయితే ఇప్పుడు చీటీ వెనుక అధ్యాయం సంఖ్య పెద్ద అక్షరాలతో రాయిస్తున్నాను. ఇంటికి పోయి మొత్తం చదవండి. తరువాత నలుగురితో కూర్చొని మాట్లాడండి.

మొన్న జూన్‌లో ఆనాటి పాప తన కూతుర్ని ఒకటో తరగతిలో చేర్చి ప్రార్థన కోసం తీసుకొచ్చింది. బిడ్డ తల మీద చెయ్యి పెట్టబోయి ఆగిపోయాను. ముందు ఆ తల్లిని క్షమాపణ అడిగాను. ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత అనింది: "దీనికి సుగ్గి మాట వస్తే మీరొక్కరే చెప్పొద్దు అయ్యగారూ. అందరం కూసోని చూద్దాం."

ఈ దీపావళికి మీ ఇంట్లో కూడా ఆ ప్రశ్న రావచ్చు. తాళం వేయకముందే రండి. కలిసి కూర్చుందాం.

ప్రభువు మిమ్మును, మీ బిడ్డలను నడిపించును గాక. ఆమెన్.