కిటికీలో ఎన్ని చుక్కలు?

"సగటు మనిషిని చూశాం గాని, ఈ చలన సగటేమిట్రా?" అని మా హాస్టలు మిత్రులు నవ్వుతుంటారు. భూభౌతికశాస్త్రం చదివేవాడికి అది రోజూ తినే అన్నం లాంటిది. రోడ్డు వెంట గురుత్వాకర్షణ కొలుచుకుంటూ పోతాం. ఆ అంకెల వరుస మీద అయిదింటికి సరిపడే కిటికీ పెట్టి, సగటు కట్టి, ఒక్క అడుగు జరుపుతాం. వెనకదొకటి పోతుంది, ముందుదొకటి వస్తుంది. గజిబిజి గీత నున్నబడుతుంది.

కాని సగటుకు మొహమాటం ఎక్కువ. ఎవరేం చెప్పినా వింటుంది. 12, 13, 12, 14, 89 మిల్లీగాల్‌లు వచ్చాయనుకోండి. సగటు 28. అయిదింటిలో ఒక్కటీ దాని దరిదాపుల్లో లేదు! వరసగా పేర్చి నడిమిది తీసుకుంటే 13. ఈ మధ్యగతం ఒక్కడి కేకకు బెదరదు.

అసలు చిక్కు వేరే ఉంది. జీపు రోడ్డున్న చోటికే పోతుంది. పటాన్ని 5 కిలోమీటర్ల గడులుగా కోస్తే రోడ్డు పక్క గడిలో 40 కొలతలుంటాయి, అడవి గడిలో రెండే ఉంటాయి. పటంలో మాత్రం రెండు గడులకూ ఒకే నిండు రంగు! కొలతలు దేనికది విడిగా తీసినవైతే, నాలుగింటి సగటులో అనిశ్చితి ఒక్క కొలతలో ఉన్నదానికి సగం. వందయితే పదో వంతు. అంచేత లెక్క తెలియని సగటును నమ్మేదెలా?

1980ల చివర అమెరికాలో పాల్ వెసెల్, వాల్టర్ స్మిత్ విద్యార్థులుగా ఉండగానే మొదలుపెట్టిన జి.ఎం.టి. అనే సాఫ్ట్‌వేర్‌లో 'బ్లాక్‌మీన్' అని ఒక ఆజ్ఞ ఉంది. గడి గడికీ సగటు కడుతుంది. ఎన్ని చుక్కలున్నాయో కూడా చెబుతుంది, కాని మనం అడిగితేనే!

ఇదంతా పరీక్ష మార్కుల కోసమైతే పోనీలే అనుకోవచ్చు. బోరు ఎక్కడ వెయ్యాలన్న సలహా కూడా ఇలాంటి కొలతల నుంచే వస్తుంది. అప్పు తెచ్చి బోరు వేయించే రైతుకు, అక్కడ నలభై కొలతలున్నాయా రెండేనా అన్నది చెప్పకపోతే రంగుల పటం ఎంత అందంగా ఉండి ఏం లాభం?

ఎన్నికల్లో నూటికి ఎనభై వంతుల ఓట్లతో గెలిచానంటే, "పోలయినవెన్ని?" అని అడగమూ? మా శాఖలో చేరబోయే తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ నా మనవి అదే. సగటు పటం గీసిన ప్రతిసారీ పక్కనే చుక్కల లెక్క పటం కూడా గీయండి. కొలత లేని గడిని ఖాళీగానే వదిలెయ్యండి. అక్కడికి ఎవరో ఒకరు నడిచి వెళ్ళాలని ఆ ఖాళీయే చెబుతుంది.