మేరియన్‌ని ఎలా సెలెక్ట్ చేసుకోవాలి?

ఒక అమ్మాయి వీధిలో నిలబడి ఉంటుంది. కొందరు మగవాళ్ళు వస్తారు. ఒకడు ఆమె కడుపులో గుద్దుతాడు. ఆమె వంగిపోగానే మూటలా భుజాన వేసుకుని పోతాడు. పొట్టి గౌను పైకి జరిగి లోదుస్తులు కనిపిస్తాయి. ఆమె ఒక్క మాటా మాట్లాడదు. అప్పుడు గారేజీ తలుపు తెరుచుకుని హీరోలు బయటికొస్తారు. అక్కడినుంచి ఆట మొదలు.

1987లో జపాన్‌కి చెందిన టెక్నోస్ సంస్థ తెచ్చిన 'డబుల్ డ్రాగన్' అనే వీడియో గేమ్ ప్రారంభం ఇది. నాణెం వేసి ఆడే యంత్రాల కోసం యోషిహిసా కిషిమొతో రూపొందించాడు. ఇద్దరు పక్కపక్కన నిలబడి, ఎదురొచ్చినవాళ్ళని కొట్టుకుంటూ వీధులు దాటే ఈ తరహా ఆటలకి ఇదే దారి వేసింది. హీరోలు బిల్లీ, జిమ్మీ అనే అన్నదమ్ములు. అమ్మాయి పేరు మేరియన్. ఇద్దరూ కలిసి ఆడి చివరిదాకా బతికితే, ఆఖర్న అన్నదమ్ములిద్దరూ మేరియన్ కోసం ఒకరితో ఒకరు కొట్టుకోవాలి. గెలిచినవాడికి ఆమె. ఆమెకి ఎవరు కావాలో ఆట అడగదు. అడిగే ఏర్పాటే అందులో లేదు.

దాదాపు నలభై ఏళ్ళుగా ఈ ఆట పాతబడ్డం లేదు, పాతబడనివ్వడం లేదు. టీవీకి తగిలించుకునే యంత్రం కోసం 1988లో చేసిన రూపాన్ని నింటెండో 2018లో స్విచ్ కన్సోల్ మీద మళ్ళీ అందించింది. ఇలాంటి పునర్విడుదలలన్నిటికీ ఒకే ముద్ర: క్లాసిక్. సాహిత్యం చదువుకున్నదాన్ని కనక ఆ మాట వినగానే నాకొక పాత ప్రశ్న లేస్తుంది. ఎవరికి క్లాసిక్?

మా ఇంట్లో 1990ల చివర అన్నయ్యకి ఒక టీవీ గేమ్ కొన్నారు. అసలుదానికి నకలు. దాంతోపాటు ఒకటే కేసెట్‌లో బోలెడన్ని ఆటలు. మా ఊరి వీడియో గేముల షాపుకి మగపిల్లలు మాత్రమే వెళ్ళేవాళ్ళు. ఆడపిల్లలు వెళ్ళకూడదని ఎవరూ బోర్డు పెట్టలేదు, పెట్టాల్సిన అవసరమూ రాలేదు. ఇంట్లోకొచ్చిన ఆటలోనైనా చోటు దొరుకుతుందనుకున్నాను. ఈ టీవీ రూపంలో ఇద్దరూ ఒకేసారి కథ ఆడే వీల్లేదు. ఒకరి ప్రాణం పోయాకే రెండోవాళ్ళ వంతు. అన్నయ్య చాలా బాగా ఆడేవాడు. అందుకని నేను ఎక్కువగా చూసింది మొదటి నిమిషాన్నే. అంటే ఆ గుద్దునే. నా చేతికి రిమోట్ వచ్చినప్పుడు నేనూ బిల్లీనే అయ్యేదాన్ని. వేరే దారి లేదు. నవలల్లో, సినిమాల్లో నాయకుడి కళ్ళతో లోకాన్ని చూడ్డం మనకి ఎలా అలవాటయిందో ఇదీ అలాగే అలవాటయింది.

అన్నయ్యావాళ్ళు ఇప్పుడు డాలస్‌లో ఉంటారు. క్రిందటి వేసవిలో వెళ్ళినప్పుడు తొమ్మిదేళ్ళ మేనకోడలు స్విచ్ మీద 'డబుల్ డ్రాగన్ గైడెన్' ఆడుతోంది. 2023లో వచ్చిన కొత్త ఆట అది. అందులో మేరియన్ కూడా ఆడేవాళ్ళలో ఒకతె. తుపాకీ పట్టుకుని పోరాడుతుంది. పిల్లకి ఆమె అంటే ప్రాణం. అదే యంత్రంలో పాత ఆట ఉందని చూసి సంబరపడి తెరిచింది. కాసేపు బటన్లన్నీ నొక్కి చూసి అడిగింది.

"అత్తా, ఇందులో మేరియన్‌ని ఎలా సెలెక్ట్ చేసుకోవాలి?"

నేను జవాబు చెప్పేలోపే తెర మీద గుద్దు పడిపోయింది.

స్విచ్‌లో పాత ఆటల్ని వెనక్కి తిప్పే సదుపాయం ఉంది. 2019లో చేర్చారు. పిల్ల తిప్పింది. మేరియన్ వాడి భుజం మీంచి దిగింది, నిటారుగా నిలబడింది. వదలగానే మళ్ళీ గుద్దు. నాలుగుసార్లు అలాగే చేసింది. "తను ఎందుకు కొట్టదు? తనకి ఫైటింగ్ వచ్చు కదా!" అంది. "అది పాత గేమ్ అమ్మా, అది వదిలేసి ముందుకెళ్ళు" అన్నాడు అన్నయ్య. వదిన వంటింట్లోంచి తొంగిచూసి ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయింది.

పిల్ల ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. ఆ దృశ్యాన్ని పునర్విడుదలలో తీసేస్తే సరిపోతుందా? 1989లో క్యాప్‌కామ్ సంస్థ తెచ్చిన 'ఫైనల్ ఫైట్' సంగతి చూడండి. దాన్ని సూపర్ నింటెండోకి మార్చి అమెరికాలో అమ్మినప్పుడు, ఆడవాళ్ళని కొట్టడం బాగోదని పాయిజన్, రాక్సీ అనే శత్రువుల స్థానంలో మగవాళ్ళని పెట్టారు. కథకి ఆధారమైన జెస్సికా అపహరణ మాత్రం అలాగే ఉంది! ఆడవాళ్ళని కొట్టడం అభ్యంతరమయింది, ఎత్తుకుపోవడం కాలేదు. పోనీ పాతదాన్ని సరదాగా తిరగరాస్తే? 2012 నాటి 'డబుల్ డ్రాగన్ నియాన్' ముగింపులో మేరియన్ విలన్‌ని మర్మస్థానం మీద గుద్దుతుంది. కానీ ఆ చివరి నిమిషం దాకా ఆమె బందీయే. మొదటి గుద్దు కొత్త రంగుల్లో, మరింత స్పష్టంగా మళ్ళీ పడింది.

ఈ మాటే 2013లో అనిత సర్కీసియన్ తన వీడియో వ్యాసాల్లో అన్నది. ఆటల్లో స్త్రీని కాపాడాల్సిన వస్తువుగా ఎలా మారుస్తారో ఉదాహరణలతో చూపించింది. జవాబుగా ఆమెకి అత్యాచార బెదిరింపులు, చావు బెదిరింపులు వచ్చాయి. 2014లో యూటా స్టేట్ యూనివర్సిటీలో కాల్పులు జరుపుతామని బెదిరిస్తే ఆమె అక్కడి ప్రసంగం మానుకోవాల్సి వచ్చింది. "ఆటే కదా" అనేవాళ్ళకి అది ఆటే అయితే అంత కోపం ఎందుకొచ్చినట్టు?

తీసేయడం ఎవరి పనో తెలుగు పాఠకురాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. ముద్దుపళని 'రాధికా సాంత్వనము'లో పద్యాలు తీసేసి అచ్చేసినవాళ్ళున్నారు. వాటిని వెతికి చేర్చి 1910లో పూర్తి ప్రతిని తెచ్చిన బెంగళూరు నాగరత్నమ్మ ఉంది. తర్వాత ఆ పుస్తకం నిషేధానికి గురయింది. రెండూ ఒకటే అనడం లేదు. అక్కడ స్త్రీ గొంతుని నొక్కేశారు, ఇక్కడ స్త్రీకి గొంతే ఇవ్వలేదు. అయినా నాగరత్నమ్మ దగ్గర నేర్చుకోవాల్సిన పద్ధతి ఒకటుంది. ఆమె పూర్తి పాఠం ఇచ్చింది, దానికి ముందు పీఠికా రాసింది. పుస్తకం ఎలా చేతులు మారిందో, ఎవరు ఏం దాచారో అందులో చెప్పింది.

పాత ఆటల్ని మళ్ళీ తెచ్చేవాళ్ళు పాత టీవీ తెర మీది గీతల్ని కూడా శ్రద్ధగా పునఃసృష్టిస్తారు. పాత ప్రకటనలు, బొమ్మల చిత్తుప్రతులు వెతికి జతచేస్తారు. అంత శ్రద్ధ ఉన్నచోట ఒక పీఠికకి చోటు లేదా? ఈ అమ్మాయి ఎందుకు మాట్లాడదో, మరుసటి ఏడాది వచ్చిన రెండో భాగంలో మొదట్లోనే ఆమెని ఎందుకు కాల్చి చంపారో, అది ఎవరి పగకి సాకు అయిందో నాలుగు పేజీల్లో చెప్పలేరా?

మేరియన్ చేతికి తుపాకీ ఇవ్వడంతో లెక్క తేలిపోదు. కానీ ఆమెని ఎంచుకుని ఆడడం మొదలుపెట్టిన పిల్లలు ఒక తరం తయారవుతున్నారు. వాళ్ళు పాత ఆట తెరుస్తారు, తెరవాలి కూడా. ఆ గుద్దుని వాళ్ళకి కనపడకుండా దాచొద్దు. ఎందుకు పడిందో అడిగినప్పుడు మాత్రం "ముందుకెళ్ళు" అనొద్దు.