చేతి డబ్బు పెట్టి... దెబ్బలు తింటారు!

ఫుట్‌బాల్‌కి పుట్టిల్లు ఇంగ్లండ్. 1863లో ఆ ఆటకు రూల్స్ రాసుకున్నదే లండన్‌లో. అలాంటి ఊళ్లో ఓ కుర్రాడు 'ఫుట్‌బాల్ ఆడటానికి వెళ్తున్నా' అంటే... 'కాలితో ఆడేదా, చేత్తో ఆడేదా?' అని అడగాల్సి వస్తోంది! ఎందుకంటే తలకు హెల్మెట్టు, భుజాలకు ప్యాడ్లు తగిలించుకుని కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతి కోసం ఒకరినొకరు గుద్దుకునే అమెరికన్ ఫుట్‌బాల్‌కి అక్కడ బోలెడు క్లబ్బులున్నాయి. వాటిలో బాగా పేరున్నది 'లండన్ వారియర్స్'. దక్షిణ లండన్‌లో క్రోయ్‌డన్ వైపు ఉంటుందీ జట్టు.

ఈ పిచ్చికి మూలం టీవీ. 1982లో చానెల్ ఫోర్ అమెరికా మ్యాచ్‌లు చూపించడం మొదలుపెట్టింది. మరుసటి ఏడాదే లండన్ రేవెన్స్ అనే క్లబ్బు పుట్టింది. 1986లో చికాగో బేర్స్, డల్లాస్ కౌబాయ్స్ వచ్చి వెంబ్లీలో ఆడితే ఎనభై వేల మందికి పైగా జనం. అంత ఊపు చూసి, లండన్ మోనార్క్స్ అనే వృత్తి జట్టునూ పెట్టారు. 1991లో అది వెంబ్లీలోనే వరల్డ్ బౌల్ గెలిచింది కూడా. కానీ ఆ సంబరం ఎన్నాళ్లో లేదు. 1998తో జట్టు కథ ముగిసింది. డబ్బున్న జట్టు పోయింది కానీ, డబ్బులేని క్లబ్బులు మాత్రం మిగిలాయి!

ఆట తీరు సింపుల్‌గా చెప్పాలంటే... బంతి ఉన్న జట్టుకు నాలుగు అవకాశాలు. వాటిలో పది గజాలు ముందుకెళ్తే మళ్లీ నాలుగు. అలా అవతలి చివరిదాకా బంతిని చేరిస్తే ఆరు పాయింట్లు. ఆ పది గజాలు కొలవడానికి గీత పక్కన నిజంగానే ఓ గొలుసు పట్టుకుని నిలబడతారు. అమెరికాలో ఆ పనికి ప్రత్యేకంగా మనుషులుంటారు. ఇక్కడ క్లబ్బువాళ్లే ఎవరో ఒకరు పట్టుకోవాలి... ఆటగాడి తమ్ముడో, దెబ్బ తగిలి ఈ వారం ఆడలేని వాడో!

జీతం మాట దేవుడెరుగు, ఆడేవాళ్లే ఏటా చందా కట్టాలి. హెల్మెట్టూ ప్యాడ్లూ చాలామంది సొంతంగా కొనుక్కోవాల్సిందే. ఏప్రిల్ నుంచి వేసవి చివరిదాకా ఆదివారాలు మ్యాచ్‌లు. పెద్ద బ్యాగు మోసుకుని రావడం, ఒళ్లు హూనం చేసుకోవడం, సోమవారం పొద్దున్నే ఉద్యోగానికి పోవడం. ఇందులో ఏం సుఖముందో అనిపిస్తుంది.

ఎఫె ఒబాడా సంగతి వింటే అలా అనిపించదు.

నైజీరియాలో పుట్టి నెదర్లాండ్స్‌కి వెళ్లిన కుటుంబం అతనిది. పదేళ్ల వయసులో తోబుట్టువుతో పాటు లండన్ చేరాడు. తీసుకొచ్చిన మనిషి ఇద్దరినీ గాలికి వదిలేశాడు. తలదాచుకోవడానికి చోటు లేక పిల్లలిద్దరూ వీధిన పడ్డారు. తర్వాత ప్రభుత్వ సంరక్షణలోకి వెళ్లి, ఒక ఇంటి నుంచి మరో ఇంటికి మారుతూ పెరిగాడు. పెద్దయ్యాక గిడ్డంగిలో పని. 2014లో ఓ స్నేహితుడు వారియర్స్ దగ్గరికి తీసుకెళ్లాడు. అప్పటికి ఈ ఆట అతనికి కొత్త.

వారియర్స్ తరఫున ఆడింది ఐదే ఐదు మ్యాచ్‌లు! అక్కడి కోచ్ ఏడెన్ డర్డీకి కౌబాయ్స్‌తో పరిచయం ఉంది. ఆ ఏడాది ఆ జట్టు వెంబ్లీకి వచ్చినప్పుడు కుర్రాణ్ని వాళ్ల కంట పడేలా చేశాడు. 2015లో కౌబాయ్స్ ఒప్పందం రాసిచ్చింది. అమెరికా అగ్రశ్రేణి లీగ్ అయిన ఎన్ఎఫ్ఎల్‌లోకి... కాలేజీ ఆట కూడా ఆడకుండా, తిన్నగా లండన్ క్లబ్బు నుంచి!

అంతమాత్రాన అక్కడ ఎర్రతివాచీ పరిచారా అంటే, అదేం లేదు. మూడు జట్లు తీసుకుని వదిలేశాయి. చివరికి 2018లో కరోలినా పాంథర్స్ 53 మంది జట్టులో చోటిచ్చింది. ఆ సెప్టెంబరులో సిన్సినాటి బెంగాల్స్ మీద దిగి, ప్రత్యర్థి క్వార్టర్‌బ్యాక్‌ని ఒకసారి పడగొట్టాడు, అతను విసిరిన బంతిని ఒకసారి లాక్కున్నాడు. మ్యాచ్ అయ్యాక జట్టు ఆ రోజు బంతిని అతని చేతికే ఇచ్చింది. ఇక డర్డీ, 2024లో సియాటిల్ సీహాక్స్‌కి డిఫెన్సివ్ కోఆర్డినేటర్ అయ్యాడు. ఓ బ్రిటిషర్‌కి ఎన్ఎఫ్ఎల్‌లో ఆ హోదా దక్కడం అదే మొదలు.

ఒబాడాలా అందరూ వెళ్లలేరు. ఆ సంగతి చందా కట్టే కుర్రాళ్లకీ తెలుసు. అయినా సీజన్‌కి ముందు కొత్తవాళ్లు వస్తూనే ఉంటారు. ఆట రాకపోయినా ఫర్వాలేదంటారు. కోచ్‌లు వాళ్లకి ముందుగా నేర్పేది బంతి విసరడం కాదు... తల పైకెత్తి ఎదుటివాణ్ని ఎలా ఢీకొట్టాలో!