షోరూమ్ నుంచి ఆటోనగర్ దాకా

పట్టుచీర కొన్నాక జాకెట్టు కుట్టు కూలి, ఫాల్, లైనింగు అంటూ ఇంకాస్త డబ్బు వదిలిపోతుందని మనందరికీ తెలుసు. కారు కొన్నా అంతేనని నాకు మొన్నీమధ్యే తెలిసింది. కాకపోతే ఇక్కడ వదలబోయింది వందలూ వేలూ కాదు, అక్షరాలా అరవై ఆరు వేల ఆరువందలు!

మాది ఉయ్యూరు. బెజవాడ బందరు రోడ్డు మీద ముప్ఫై కిలోమీటర్లుంటుంది. ఇంట్లో మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, మా అత్తయ్యగారు. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. మా పాత చిన్న కారులో కూలబడితే మళ్ళీ లేవడానికి ఇద్దరం చెరో చెయ్యీ పట్టుకోవాలి. పెళ్ళికి వెళ్ళినా, గుడికి వెళ్ళినా అదో ప్రహసనం. చివరికి "నేను రానులేమ్మా, మీరెళ్ళి రండి" అనడం మొదలుపెట్టారు. ఆ మాట మావారికి గుచ్చుకుంది. ఎత్తుగా ఉండే ఏడు సీట్ల బండి కొందామన్నారు.

ఎత్తు బండి అంటే నాకు టాటా సుమోనే గుర్తు. 1994లో అది వచ్చాక మా పుట్టింటివైపు పెళ్ళిళ్ళన్నిటికీ అదే. పదిమందిని ఎక్కించి, పైన సామాన్లు కట్టి వెళ్ళేవాళ్ళం. 2019లో దాని తయారీ ఆపేశారు. ఇప్పుడు ఎస్‌యూవీలంటూ రకరకాలొచ్చాయి. 2025 సెప్టెంబరు 22న, సరిగ్గా దసరా నవరాత్రులు మొదలైన రోజున, కార్ల మీద జీఎస్టీ తగ్గించారు. నాలుగు మీటర్ల లోపు పొడవుండి చిన్న ఇంజను ఉన్న బళ్ళకి 28 నుంచి 18 శాతానికి తగ్గింది. అంతకంటే పెద్దవాటికి సెస్సుతో కలిపి 50 శాతం దాకా ఉన్న పన్ను 40 అయింది. మాకు ఏడుగురు పట్టాలి కాబట్టి పెద్దదే తప్పలేదు. చీటీ పాడిన డబ్బు కొంత, బ్యాంకు అప్పు కొంత కలిపి బయల్దేరాం.

అద్దాల మేడలో

షోరూము చల్లగా, తళతళలాడుతూ ఉంది. కాఫీ ఇచ్చారు. బండి చూపించారు. రంగు, సీట్లు, పెద్ద తెర అన్నీ బాగున్నాయి. మావారి ముఖం వెలిగిపోతోంది. అత్తయ్యగారిని కూడా తీసుకెళ్ళాం కదా, "ఎక్కి చూడండత్తయ్యా" అన్నాను. ఆవిడ తలుపు పట్టుకుని కాలెత్తారు. అందలేదు. ఇంకోసారి ఎత్తారు. మోకాలు సహకరించలేదు. చుట్టూ నలుగురు చూస్తున్నారని సిగ్గుపడి, "బావుందిరా అబ్బాయ్, నాకెందుకులే ఎక్కడం" అంటూ వెళ్ళి సోఫాలో కూర్చున్నారు.

నా గుండె జారిపోయింది. ఎవరి కోసం కొంటున్నామో ఆ మనిషే ఎక్కలేకపోతే, ఇంత డబ్బు పోసి దేనికి?

అప్పుడే సేల్స్ అబ్బాయి ఓ కాగితం తెచ్చి పెట్టాడు. "ఇది మన ఎసెన్షియల్ కిట్ సార్, అందరూ తీసుకుంటారు" అన్నాడు. కింద వేసుకునే మ్యాట్లు 6,200, సీటు కవర్లు 14,500, కాలు పెట్టి ఎక్కే సైడ్ స్టెప్పులు 13,800, కిటికీల పైన వాన పట్టీలు 2,600, మడ్ ఫ్లాపులు 1,100, మెరుపు పట్టీలు 6,900, బండి అడుగున పూత 5,800, రంగు మీద సెరామిక్ పూత 12,500, ముసుగు 3,200. మొత్తం 66,600. పైగా వెనక పార్కింగ్ సెన్సార్లు "మా తరఫున ఫ్రీ" అన్నాడు. మావారు పెన్ను తీశారు.

"ఒక్క నిమిషమండీ" అన్నాను. మా అమ్మాయి ఇంజనీరింగు చదువుతోంది. అది నా చెవిలో, "అమ్మా, ఆ సెన్సార్లు 2019 జులై నుంచి కొత్త కార్లన్నిటికీ రూలు ప్రకారం కంపెనీయే పెట్టి ఇవ్వాలి. ఫ్రీ ఏంటి?" అంది. సీటు బెల్టు పెట్టుకోకపోతే మోగే గంట, వేగం ఎక్కువైతే మోగే హెచ్చరిక కూడా అదే రూలుతో వచ్చాయట. ఫ్రీగా ఇస్తామన్న దానిలోనే ఇంత కిటుకుంటే, డబ్బులిచ్చి కొనేవాటిలో ఎంతుంటుందో! "ఇంటికెళ్ళి ఆలోచించుకుని చెప్తాం" అని లేచాను. ఆ అబ్బాయి ముఖం చిన్నబోయింది. మావారి ముఖం అంతకంటే చిన్నబోయింది.

ఆటోనగర్ వీధుల్లో

మర్నాడు మేమిద్దరం బస్సెక్కాం. కంకిపాడు, పెనమలూరు, కానూరు దాటి ఆటోనగర్ గేటు దగ్గర దిగాం. బెజవాడ వెళ్ళిన ప్రతిసారీ ఆ గేటు ముందు నుంచే వెళతాను గానీ, లోపల కాలు పెట్టడం అదే మొదటిసారి. అసలు పేరు జవహర్ ఆటోనగర్. అదో ఊరు, మన ఊళ్ళలాంటిది కాదు. ఒక వీధంతా లారీలకి బాడీలు కడుతుంటారు. చక్రాలు, ఇంజను మాత్రమే ఉన్న లారీ ఇటు వస్తే, క్యాబిన్, చెక్క తొట్టి, రంగులు, పూలూ, దేవుడి బొమ్మలూ అన్నీ దిద్దుకుని పెళ్ళికూతురిలా అటు వెళుతుంది. ఇంకో వీధిలో రేడియేటర్లు, ఇంకోచోట టింకరింగు. ఎక్కడ చూసినా సుత్తి మోత, వెల్డింగు మెరుపు, రంగు వాసన. టీ బడ్డీల దగ్గర మసి చేతులతో గ్లాసులు పట్టుకున్న కుర్రాళ్ళు. ఆడవాళ్ళు నాకు కనబడలేదు. అయినా అందరూ "అమ్మా, ఇటు రండి, జాగ్రత్త" అంటూ దారిచ్చారు.

మొదట వెళ్ళిన కొట్లో బండి ముందు తగిలించే పెద్ద స్టీలు గార్డు చూపించారు. మావారికి నచ్చింది. "ఇది తగిలిస్తే బండికి గీత కూడా పడదు సార్" అన్నాడతను. కానీ అవి పెట్టించవద్దని, పెట్టినవాళ్ళ మీద చర్య తీసుకోమని 2017 డిసెంబరులోనే కేంద్రం రాష్ట్రాలకు రాసింది. గుద్దుకున్నప్పుడు ఆ గార్డు దెబ్బని తిన్నగా బండి చట్రానికి పంపిస్తుంది. లోపల ఎయిర్‌బ్యాగులు ఎప్పుడు విచ్చుకోవాలన్న లెక్క తప్పుతుంది. ఇక ఎదురుగా నడిచివచ్చే మనిషికి తగిలితే చెప్పనే అక్కర్లేదు. అలాగే అద్దాలకి నల్ల కాగితం. ఎండకి మంచిదే గానీ, 2012లో సుప్రీంకోర్టు దాన్ని కాదంది. ముందు, వెనక అద్దాల్లోంచి 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుగు లోపలికి రావాల్సిందే.

పాటల సెట్టు మార్చుకోమన్నారు, లైట్లు మార్చుకోమన్నారు. అక్కడ నేను గట్టిగా వద్దన్నాను. మా తమ్ముడి కొత్త కారుకి ఎక్కడో బయట పెద్ద పాటల సెట్టు పెట్టించారు. వైర్లు కోసి, టేపు చుట్టి కలిపారు. రెండు నెలలకి బ్యాటరీ దిగిపోవడం, తెర ఆరిపోవడం మొదలైంది. సర్వీసుకి తీసుకెళితే, వైరింగు కోశారు కాబట్టి వారంటీ వర్తించదన్నారు. వాడు పెట్టిన ఖర్చుకి ఇంకో సెట్టు వచ్చేది. వైరు కొయ్యకుండా సాకెట్టుకి సాకెట్టు తగిలేదైతే ఫరవాలేదంటారు గానీ, మనకెందుకా తలనొప్పి?

మేస్త్రిగారి మాట

తర్వాత సీట్లు కుట్టే కొట్టుకి వెళ్ళాం. అరవై దాటిన మేస్త్రిగారు, మెడలో టేపు. రెగ్జిన్ తానులు గోడ నిండా. మా బండి పేరు చెప్పగానే ఆయన, "అమ్మా, దాంట్లో ముందు సీట్ల పక్కన బ్యాగులుంటాయి. ముందు సీట్లకి నేను కుట్టను" అన్నారు.

నాకర్థం కాలేదు. ఆయన ఎదురుగా ఉన్న ఓ కారు తలుపు తీసి సీటు పక్కన చూపించారు. తలుపువైపు కుట్టులో చిన్న గుడ్డ చీటీ, దాని మీద ఇంగ్లీషులో ఎయిర్‌బ్యాగ్ అని ఉంది. పక్కనుంచి ఏదైనా గుద్దితే ఆ కుట్టు చిరిగి లోపలి సంచీ బయటికి విచ్చుకోవాలి. మనం దాని మీద దళసరి రెగ్జిన్ బిగించి కుట్టేస్తే అది బయటికి రాదు, లేదా ఆలస్యంగా వస్తుంది. "దానికి వేరే పలచటి దారంతో కుట్టే కవర్లుంటాయి. కంపెనీవి కొనుక్కోండి, లేకపోతే ఊరికే వదిలెయ్యండి. వెనక రెండు వరసలూ నేను కుట్టిస్తాను" అన్నారు.

చేతికొచ్చిన బేరాన్ని వదులుకుని నిజం చెప్పిన ఆ మనిషికి దణ్ణం పెట్టాలనిపించింది. ముందు సీట్లో కూర్చునేది మావారు, నేను లేదా మా అమ్మాయి. కవరు అందం ఎంత, మనిషి ప్రాణం ఎంత?

ఆ టీ బడ్డీ దగ్గరే కూర్చుని మేమో లెక్క వేసుకున్నాం. వైర్లు, అద్దాలు, ఎయిర్‌బ్యాగులు, బండి బరువు మోసే భాగాలు - వీటి జోలికి వెళ్ళేది ఏదైనా కంపెనీ దగ్గరే కొనాలి, లేదా మానెయ్యాలి. గుడ్డ, మ్యాటు, ముసుగులాంటివి బయట కొనుక్కోవచ్చు. మెరుపు కోసం పెట్టేవి అసలే అక్కర్లేదు.

ఆ లెక్కన సైడ్ స్టెప్పులు షోరూములోనే. బయట దాదాపు సగం ధరకే ఉన్నాయి గానీ, కాలు పెట్టి నొక్కి చూస్తే ఊగాయి. అత్తయ్యగారి బరువంతా ఒక్క కాలి మీద పడేది అక్కడే. మ్యాట్లు మాత్రం ఆటోనగర్‌లో 2,800కి దొరికాయి. అన్ని బళ్ళకీ సరిపోతాయన్న రకం కాకుండా, మా బండికే కోసినవి, కింది కొక్కేలకి తగిలేవి తీసుకున్నాం. డ్రైవరు కాళ్ళ దగ్గర మ్యాటు జారి బ్రేకు కిందికి వెళితే చాలా ప్రమాదం. మ్యాటు మీద ఇంకో మ్యాటు కూడా వెయ్యకూడదు. వెనక సీట్ల కవర్లు 4,600, ముసుగు 1,500.

మళ్ళీ షోరూముకి

ఈసారి అత్తయ్యగారితో పాటు నా కుట్టుమిషను టేపు కూడా పట్టుకెళ్ళాను. నేల నుంచి బండి గడప దాకా కొలిచాను. తర్వాత స్టెప్పు బిగించిన డెమో బండి తెప్పించి కొలిచాను. ఒక్క పెద్ద మెట్టు రెండు చిన్న మెట్లయింది. స్టెప్పు వెడల్పు అత్తయ్యగారి పాదమంతా ఆనేలా ఉందో లేదో చూశాను. సేల్స్ అబ్బాయి నవ్వుకున్నాడు గానీ, "ఇలా ఎవరూ కొలవలేదు మేడమ్" అని ఒప్పుకున్నాడు.

స్టెప్పులు, మడ్ ఫ్లాపులు కలిపి 14,900కి వేరే బిల్లు రాయించాం. అడుగు పూత ఫ్యాక్టరీలోనే వేసి పంపుతారు. పైగా మాది సముద్రపు గాలి తగిలే బందరు కాదు, చెరుకు తోటల ఉయ్యూరు. అదీ, సెరామిక్ పూతా వద్దన్నాం. "కిట్ తీసుకోకపోతే డిస్కౌంటు రాదు" అన్నాడు. కారు ధర, పన్ను, ఇన్సూరెన్సు, రిజిస్ట్రేషను విడివిడిగా రాసిమ్మన్నాం. ఇన్సూరెన్సు మనకిష్టమైన కంపెనీ దగ్గర తీసుకోవచ్చు కాబట్టి బయట రేటు కూడా కనుక్కుని చూపించాం. అప్పుడు మేనేజరే వచ్చి డిస్కౌంటు బిల్లులోనే తగ్గించాడు. స్టెప్పుల సంగతి ఇన్సూరెన్సు వాళ్ళకి చెప్పి రాయించడం మాత్రం మరిచిపోకండి.

అన్నీ కలిపి మాకైంది 23,800. మిగిలింది 42,800.

ఒక్క పేచీ మిగిలింది. అత్తయ్యగారు తిరుపతి నుంచి తెప్పించిన ఇత్తడి వెంకన్న బొమ్మని ముందు డ్యాష్‌బోర్డు మీద అంటించాలన్నారు. సరిగ్గా ఎడమవైపు, లోపల ఎయిర్‌బ్యాగు ఉన్న మూత మీద! అది విచ్చుకుంటే బొమ్మ రాయిలా వచ్చి ముఖానికి తగులుతుంది. దేవుణ్ణి వద్దని ఎలా చెప్పను? మా అమ్మాయే నానమ్మ పక్కన కూర్చుని అంతా వివరించింది. ఆవిడ కాసేపు ఆలోచించి, "సరేలే, మనం ఊరెళితే ఇల్లు చూసుకోవడానికి ఎవరో ఒకరుండాలిగా. ఆయన్ని పూజగదిలోనే ఉంచుతా" అన్నారు. మధ్యలో, ఏ మూతా లేని చోట, చిన్న కాగితపు పటం అంటించాం.

వీరమ్మతల్లి గుడి దగ్గర పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, మర్నాడు మోపిదేవి బయల్దేరాం. నేను అలవాటుగా చెయ్యి అందించబోయాను. "ఆగమ్మాయ్" అన్నారు అత్తయ్యగారు. తలుపు పక్క పిడి పట్టుకుని, స్టెప్పు మీద ఒక కాలు, లోపల ఇంకో కాలు. సీట్లో సర్దుకుని కొంగు సరిచేసుకుని, మావైపు చూసి అన్నారు:

"ఏంట్రా అలా నిలబడ్డారు? ఎక్కండి, పొద్దుపోతోంది!"