మధ్యమగతి – మధ్యమమూల్యము

బంజారాహిల్స్‌లో నివసించు విశ్రాంత సంస్కృతాధ్యాపకు డొకరు, మనుమని కలనగణిత పుస్తకములో లెగ్రాంజ్ మధ్యమమూల్య సిద్ధాంతమును చూచి, “ఇది మన భాస్కరాచార్యులు చెప్పినదే” అనిరి. “ఎక్కడ చెప్పారు తాతగారూ? చూపించండి” అని మనుమడు పట్టుబట్టెను. సమాధానమునకు పెద్దాయనకు నాలుగు దినములు పట్టినది.

ముందు మనుమడే పాఠము చెప్పెను. అమీర్‌పేట నుండి పంజాగుట్టకు 2018 సెప్టెంబరు నుండి మెట్రోరైలు నడచుచున్నది. దూరమును కాలముచే భాగించిన సగటు వేగము వచ్చును. దారిలో ఏదో యొక క్షణమున రైలు వేగము సరిగా ఆ సగటునకు సమానము కాక తప్పదు. నిలిచి బయలుదేరి మరల నిలుచునది కావున ఇచట అట్టి క్షణములు రెండైన నుండును. సిద్ధాంతము మాత్రము ఒక్కదానికే పూచీపడును. అది ఎప్పుడో చెప్పదు. ప్రమేయము సంవృతాంతరమున అవిచ్ఛిన్నముగను, వివృతాంతరమున అవకలనీయముగను ఉండవలెను. పరమమూల్య ప్రమేయమునకు –1 నుండి 1 వరకు సగటు వాలు సున్న. కాని 0 వద్ద మొన యుండుటచే ఎచ్చటను వాలు సున్న కాదు. ఈ నియమమును చూడకయే అంకెలు వేయు విద్యార్థులే పెక్కురు.

తాతగారు 1150 నాటి సిద్ధాంతశిరోమణిని తెరచిరి. సూర్యుని మధ్యమగతి దినమునకు 59 కళల 8 వికలలు. స్ఫుటగతి ఉచ్చమున మందము, నీచమున శీఘ్రము. ఆ రెండు తావులందును మందఫలము శూన్యము. నడుమ పెరిగి, పరమమై, తగ్గును. ఫలము పరమమైనచోట గతిఫలము శూన్యమనియు, మధ్యమగతియే స్ఫుటగతి యనియు భాస్కరుడు చెప్పెను. 1691లో రోల్ నిరూపించిన దాని రూప మిదియే. అంతకన్న ఆసక్తికరము, ఆ స్థానమును గూర్చిన వాదము. కక్ష్యావృత్త ప్రతివృత్తముల సంపాతమున గతులు సమానమని ఎనిమిదవ శతాబ్దిలో లల్లుని మతము. భాస్కరు డది తప్పని, కక్ష్యామధ్యము నుండి ఉచ్చరేఖకు లంబముగా గీచిన రేఖ ప్రతివృత్తమును ఖండించుచోట అని దిద్దెను.

అయినను ఇది గ్రహగతి యను ఒక్క విషయమునకే చెప్పినది. ఏ ప్రమేయమునకైనను చెల్లు సిద్ధాంతము 1797 నాటి లెగ్రాంజ్ గ్రంథములోనిది. “చెప్పినదే” అన్న మాటను తాతగారు “ఒక సందర్భమున చూచినది” అని సవరించుకొనిరి. ఆ సవరణ వారికి సులభము కాలేదు.

మనుమడు కాగితముపై రెండు వృత్తములు గీచి, లల్లుడు చెప్పిన బిందువు వద్ద మందఫలపు అవకలజమును కట్టెను. సున్న రాలేదు.