తుపాను మర్నాడు ఆఫీసు తలుపు ఎవరు తీస్తారు?

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని హాస్టల్ నుంచి కబురు వచ్చినప్పుడు, కష్టపడి చదవండి, లక్ష్యం పెట్టుకోండి అని నాలుగు మంచి మాటలు రాసి పంపిద్దామనుకున్నాను. కానీ ఆ మాటలు మీకు ప్రతి ఆగస్టు 15కీ, ప్రతి జనవరి 26కీ ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. అందుకని నేను పీజీలో చదువుకున్న పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్‌లోంచి, మన కృత్తివెన్ను వాళ్లకు పనికొచ్చే సంగతి ఒకటి రాస్తున్నాను. తుపాను వచ్చి వెళ్లాక ప్రభుత్వ ఆఫీసులు ఎలా నడవాలి, దాన్ని ముందుగా ఎలా సాధన చేయాలి అన్నదే ఆ సంగతి.

తుపాను గురించి మనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఒక పక్క సముద్రం, ఒక పక్క ఉప్పుటేరు. కొల్లేరు నీళ్లు మన పక్క నుంచే వెళ్లి సముద్రంలో కలుస్తాయి. 1864 నవంబరులో బందరును ముంచిన ఉప్పెనలో సుమారు 30 వేల మంది చనిపోయారని చరిత్రలో చదువుకున్నాం. 1977 నవంబర్ 19 నాటి దివిసీమ ఉప్పెన గురించి మన ఇళ్లల్లో పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. 1990 మే 9న మళ్లీ పెద్ద తుపాను కృష్ణా నది సముద్రంలో కలిసే చోట తీరం దాటింది. 2013 నవంబరులో హెలెన్ బందరుకు దక్షిణంగా దాటింది. 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా నరసాపురం దగ్గర తీరం దాటింది. నరసాపురం అంటే మనకు ఎంత దూరమో మీకు తెలుసు.

ఈ తేదీలను వరసగా పెట్టి చూస్తే ఒక మంచి మార్పు కనబడుతుంది. 1977లో అధికారిక లెక్క ప్రకారమే పది వేల మంది దాకా పోయారు. రోడ్లు, తీగలు తెగిపోయి దివిసీమలో ఏం జరిగిందో బయటివాళ్లకు వెంటనే తెలియలేదు. 1990 తుపాను కూడా చాలా బలమైనదే. అయినా ముందే లక్షల మందిని తరలించారు కాబట్టి మృతుల సంఖ్య వెయ్యి దాటలేదు. తర్వాత తుపాను షెల్టర్లు పెరిగాయి, బందరులో డాప్లర్ రాడార్ వచ్చింది, ఇప్పుడు హెచ్చరిక నేరుగా మన సెల్‌ఫోనుకే వస్తోంది. ప్రాణాలు కాపాడటం మన ప్రభుత్వాలు చాలావరకు నేర్చుకున్నాయి. ఇది చిన్న విషయం కాదు.

అయితే ప్రాణం మిగిలినవాడికి మర్నాడు పొద్దున్నే ఆకలేస్తుంది. బియ్యం కావాలి, మందులు కావాలి, పింఛను కావాలి. కొట్టుకుపోయిన వలకు, పడిపోయిన ఇంటికి పేరు రాసుకునేవాళ్లు కావాలి. ఇవన్నీ ఇచ్చేది ఆఫీసు. మరి ఆ ఆఫీసు కూడా అదే తుపానులో తడిసింది కదా! అందులో పనిచేసే గుమస్తా ఇంటి కప్పు కూడా ఎగిరిపోయింది కదా! ఈ సంగతి చాలామంది ఆలోచించరు.

మొంథా సంగతే తీసుకోండి. తుపాను దాటింది మంగళవారం రాత్రి. నవంబర్ ఒకటి శనివారం పింఛన్ల రోజు. మా మామ్మకు నాలుగు వేల పింఛను వస్తుంది. అది శనివారం ఆమె చేతికి రావాలంటే, సచివాలయం వాళ్లు ముందు రోజే బ్యాంకుకు వెళ్లి డబ్బు తేవాలి. బ్యాంకుకు కరెంటు, లైను ఉండాలి. రోడ్డు మీద పడ్డ చెట్లు తీసి ఉండాలి. పింఛను ఇచ్చే మనిషి ఫోను చార్జింగులో ఉండాలి. మామ్మ వేలిముద్ర పడటానికి సిగ్నల్ ఉండాలి. ఇన్ని కుదిరితే నాలుగు వేలు. ఆ శనివారం మామ్మకు పింఛను వచ్చింది. ఇందులో విశేషమేముంది అని మా ఇంట్లో ఎవరూ అనుకోలేదు. నాకు మాత్రం అందులోనే విశేషం కనిపించింది. తుపాను సాయంగా మత్స్యకార, చేనేత కుటుంబాలకు 50 కిలోలు, మిగతా బాధితులకు 25 కిలోలు బియ్యం ప్రకటించారు. ఎవరు మత్స్యకారుడో, ఎవరు కాదో చెప్పే జాబితా ఎక్కడో భద్రంగా ఉంటేనే ఆ లెక్క నడుస్తుంది.

ఇటువంటి పనులు తుపాను వచ్చాక నేర్చుకుందామంటే ఇల్లు కాలాక నుయ్యి తవ్వినట్టే. అందుకే చట్టం కూడా ముందే సిద్ధంగా ఉండమంటుంది. 2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం ప్రతి జిల్లాకూ కలెక్టరు అధ్యక్షతన ఒక సంస్థ ఉండాలి, ప్రతి జిల్లాకూ ఒక ప్రణాళిక ఉండాలి, దాన్ని ఏటా సరిచూసుకోవాలి. జిల్లా స్థాయి శాఖలు తమ తమ ప్రణాళికలు వేరుగా రాసుకోవాలి. ఆ ప్రణాళికలకు సాధనే మాక్ డ్రిల్. ముందు అందరికీ విషయం వివరిస్తారు, తర్వాత బల్ల చుట్టూ కూర్చోబెట్టి నోటితో ఆడిస్తారు, ఆఖరున బయట నిజంగా చేయిస్తారు. సైరన్ మోగడం, స్ట్రెచర్లు పరుగెత్తడం, పడవలు రావడం ఆ మూడోది. ఫోటోల్లో మనం చూసేది అదే. నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మాత్రం రెండోది.

నా ప్రాజెక్టు పని కోసం ఒక తీర మండలంలో అటువంటి బల్ల దగ్గరి డ్రిల్లు చూసే అవకాశం వచ్చింది. ఊరి పేరు ఇక్కడ అవసరం లేదు. మండల పరిషత్ హాల్లో గోడకు మ్యాపు వేలాడదీశారు. రెవెన్యూ, పోలీసు, కరెంటు, ఆస్పత్రి, మత్స్యశాఖ, సచివాలయాల వాళ్లు, నలుగురైదుగురు రేషన్ డీలర్లు కూర్చున్నారు. డ్రిల్లు నడిపే అధికారి చేతిలో మడిచిన చీటీలు ఉన్నాయి. పది నిమిషాలకొక చీటీ తీసి చదువుతారు. ఆ చీటీలో ఉన్నది నిజంగా జరిగిందనుకుని, ఎవరేం చేస్తారో చెప్పాలి.

మొదటి చీటీలు హుషారుగా సాగాయి. ఊళ్లు ఖాళీ చేయించాలి అంటే అందరికీ నోటికి వచ్చు. నాలుగో చీటీలో సెల్ టవర్లు పనిచేయడం లేదని ఉంది. అందరూ జేబులో ఫోను తడుముకున్నారు. డీలర్ల నంబర్లు, లైన్‌మన్ల నంబర్లు, ఆశా కార్యకర్తల నంబర్లు అన్నీ ఫోన్లలోనే ఉన్నాయి. కాగితం మీద లేవు. అప్పుడు ఒక హెడ్ కానిస్టేబుల్ గారు లేచి, స్టేషన్‌లో వైర్‌లెస్ సెట్టు ఉంది, జీపు బ్యాటరీ మీద కూడా నడుస్తుంది, కబురు ఏదైనా మా దగ్గరికి పంపండి అన్నారు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

తర్వాతి చీటీలో తహసీల్దారు గారు వంతెన అవతల చిక్కుకుపోయారని ఉంది. అయితే డిప్యూటీ తహసీల్దారు చూసుకుంటారు అన్నారు. వెంటనే ఇంకో చీటీ తీశారు. ఆయన జ్వరంతో ఆస్పత్రిలో ఉన్నారట. హాలు నిశ్శబ్దమైపోయింది. అప్పుడు సంతకం ఎవరిది? గోడౌన్ తాళం ఎవరి దగ్గర ఉంది? గోడౌన్‌లో బియ్యం ఉన్నాయి, బయట జనం ఉన్నారు, మధ్యలో ఒక సంతకం లేదు. ఆ వరస ముందుగా రాసిపెట్టి లేదని ఆ రోజు తేలింది.

అన్నిటికంటే మంచి ప్రశ్న ఒక రేషన్ డీలరు అడిగాడు. “మెషిన్ పనిచేయకపోయినా బియ్యం ఇమ్మంటారు, సరే ఇస్తానండీ. రేపు తనిఖీకి వచ్చినప్పుడు ఆ లెక్క ఎవరు ఒప్పుకుంటారు?” అన్నాడు. నవ్వినవాళ్లు ఉన్నారు గానీ, చీటీలు చదివే అధికారి నవ్వలేదు. ఆ మాటను తన నోటుబుక్కులో రాసుకున్నారు. వయసైన సీనియర్ అసిస్టెంటు ఒకాయన, పూర్వం కార్డు మీద పెన్నుతో రాసి, రిజిస్టరులో వేలిముద్ర తీసుకునేవాళ్లమని చెప్పారు. అయితే ఆ రిజిస్టర్లు ముందే అచ్చువేయించి ఉంచండి, ఏ పరిస్థితిలో వాడాలో ఉత్తర్వు కూడా ఇప్పుడే రాసి ఉంచండి అని తేల్చారు. చివర్లో ఆ అధికారి, “ఇవాళ ఇక్కడ ఎన్నిచోట్ల ఆగిపోతే అంత మంచిది. ఆ రోజు అక్కడ ఆగిపోకూడదు” అన్నారు.

ఆ డ్రిల్లు చూశాక నాకు మూడు విషయాలు తెలిశాయి. పెద్ద మనిషి లేకపోతే ఆయన తర్వాత ఎవరు, వాళ్ల తర్వాత ఎవరు అన్నది రాసి ఉండాలి. భవనం పనికిరాకపోతే ఆఫీసు ఎక్కడ పెడతారో ముందే తెలిసి ఉండాలి. కరెంటు, ఫోను, కంప్యూటరు లేకుండా ఆ పని ఎలా చేయాలో ఒక్కసారైనా చేసి చూడాలి. మన పాత నిబంధనల్లో కూడా ఇటువంటి ముందుచూపు లేకపోలేదు. మామూలుగా ప్రభుత్వ డబ్బు రావాలంటే బిల్లు పెట్టాలి, మంజూరు కావాలి. విపత్తు సమయంలో టి.ఆర్. 27 అనే ట్రెజరీ రూలు కింద ముందు డబ్బు తీసి ఖర్చుపెట్టి, లెక్క తర్వాత చెప్పే వీలు ఉంది. తుపాను ఆగదు కాబట్టి డబ్బూ ఆగకూడదని ఎవరో ఎప్పుడో ఆలోచించారు.

జపాన్ వాళ్లు ఏటా సెప్టెంబర్ 1న దేశమంతా విపత్తు సాధన చేస్తారు. ప్రధానమంత్రి కూడా అందులో పాల్గొంటారు. 1923లో ఆ రోజున వచ్చిన భూకంపానికి అది గుర్తు. అయినా 2011 మార్చి 11 సునామీలో ఒత్సుచి అనే చిన్న పట్టణంలో మేయరు, పదుల సంఖ్యలో ఉద్యోగులు చనిపోయారు. ఆ తీరంలో నాలుగు పురపాలక ఆఫీసుల్లో కుటుంబ రిజిస్టర్లు మొత్తం పోయాయి. ఎవరు పుట్టారు, ఎవరు ఎవరి పిల్లలు అన్నదానికి అక్కడ అదే ఆధారం. నకళ్లు వేరేచోట మరో ఆఫీసులో ఉండబట్టి వాటిని తిరిగి తయారుచేయగలిగారు. అంత సాధన చేసే దేశంలోనే ఇలా జరిగిందంటే, సాధన లేనిచోట సంగతి మీరే ఊహించుకోండి.

కాగితం పోవడం అంటే ఏమిటో మా ఇంట్లో తెలుసు. మా తాతకు డి-ఫారం పట్టా ఒకటి ఉండేది. మా నాన్న చిన్నప్పుడు వచ్చిన ఒక తుపానులో ట్రంకు పెట్టెతో సహా తడిసి ముద్దయిపోయింది. నకలు కోసం తాత ఒక ఆఫీసు చుట్టూ ఏళ్ల తరబడి తిరిగాడు. అక్కడ కూడా ఆ ఫైలు తడిసిపోయిందన్నారు. పొలం పక్కనే ఉంది, మా వాళ్లే దున్నుతున్నారు, కానీ బ్యాంకు అప్పు పుట్టలేదు. మా నాన్న చదువు ఏడో తరగతితో ఆగిపోవడానికి ఆ తడిసిన కాగితం కూడా ఒక కారణం. డబ్బున్నవాళ్లకు ఆఫీసు నెల రోజులు మూతపడ్డా గడుస్తుంది. ప్లీడరు ఉంటాడు, పట్నంలో బంధువులు ఉంటారు. మనకు బియ్యం, పింఛను, కుల ధ్రువీకరణ పత్రం, స్కాలర్‌షిప్, ఈ హాస్టల్ సీటు, అన్నీ ఆఫీసు నుంచే రావాలి. అందుకే ఆఫీసు మర్నాడు తెరుచుకోవడం మన ఇళ్లకు సంబంధించిన విషయం.

తమ్ముళ్లూ, మన హాస్టల్ కూడా ఒక ప్రభుత్వ ఆఫీసే. ఇక్కడా అదే సాధన చేయవచ్చు. ఒక సాయంత్రం మెయిన్ ఆపేయండి. ఫోన్లన్నీ ఒక పెట్టెలో పెట్టండి. వార్డెన్ గారు ఊళ్లో లేరనుకోండి, కుక్ కూడా రాలేదనుకోండి. స్టోర్ తాళం ఎవరి దగ్గర ఉంటుంది? బియ్యం తీస్తే స్టాక్ రిజిస్టరులో ఎవరు రాస్తారు? ఎంతమంది ఉన్నారో చీకట్లో ఎలా లెక్కపెడతారు? ప్రతి పిల్లవాడి ఇంటి నంబరు కాగితం మీద ఉందా? జ్వరం వచ్చినవాడిని ఆస్పత్రికి ఎవరు తీసుకెళ్తారు? పెద్ద క్లాసుల వాళ్లలో ఒక్కొక్కరికి ఒక్కో పని రాసి నోటీసు బోర్డు మీద పెట్టండి. ఆ పేరు పక్కన ఇంకో పేరు కూడా రాయండి.

ఇంకొకటి కూడా ముందే తేల్చుకోవాలి. తుపాను హెచ్చరిక రాగానే సెలవులిచ్చి పిల్లల్ని ఇళ్లకు పంపడం మామూలు. కానీ మనలో కొందరి ఇల్లు ఏటి గట్టు మీద పాక, హాస్టలేమో డాబా. ఎవరిని ఇంటికి పంపాలి, ఎవరిని ఇక్కడే లేదా షెల్టరులో ఉంచాలి అన్నది తల్లిదండ్రులతో మాట్లాడి ముందే రాసి ఉంచుకుంటే మంచిది.

మీ పత్రాల సంగతి మీరు ఇవాళే చూసుకోండి. టీసీ, కుల ధ్రువీకరణ, ఆధార్, మార్కుల జాబితా జిరాక్సులు తీసి ఒక కట్ట ఇంట్లో, ఒక కట్ట హాస్టల్‌లో ప్లాస్టిక్ కవరులో పెట్టండి. స్కాన్ చేసి డిజిలాకర్‌లో కూడా ఉంచండి. కాస్మొటిక్ చార్జీల్లోంచి పాతిక రూపాయలు చాలు.

నవంబర్ 19 దివిసీమ ఉప్పెన రోజు. ఏటా ఆ సాయంత్రం మన హాస్టల్‌లో ఈ సాధన పెట్టుకుందామని వార్డెన్ గారిని, పూర్వ విద్యార్థులను కోరుతున్నాను. మొదటిసారి చీటీలు నేనే రాసి తెస్తాను. వాటిలో ఏముంటుందో మాత్రం ముందుగా అడగవద్దు. తుపాను కూడా చెప్పి రాదు కదా!